కూలగొట్టడానికి కట్టిన ఊరు

నా మొదటి ఉద్యోగం ఇళ్ళు కట్టడం. ఇటుకా ఇసుకా లేకుండా, కంప్యూటర్లో. కట్టిన ఇంటిని మళ్ళీ నేనే పగలగొట్టాలి కూడా. ప్రతి ఇంటినీ మూడు రకాలుగా చేసి ఇవ్వాలి: నిలబడి ఉన్న ఇల్లు, బీటలు వారిన ఇల్లు, కూలిపోయిన ఇల్లు. మూడూ ఒకే ఇల్లని చూడగానే తెలియాలి.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి అయిదారేళ్ళయింది. పిఠాపురంలో డిగ్రీ అయ్యాక కాకినాడలో యానిమేషన్ కోర్సు చేసి, అక్కడే ఒక చిన్న కంపెనీలో చేరాను. టైర్ల షాపు మీద మొదటి అంతస్తులో రెండు గదులు. పెద్ద గదిలో మేం, చిన్న గదిలో మా సారు. ఆయన హైదరాబాదులో సీరియళ్ళకి గ్రాఫిక్సు చేసి చేసి విసిగిపోయి, మన వైపే ఏదైనా పెడదామని వెనక్కొచ్చిన మనిషి. రోజూ కింద టైర్లకి గాలి కొట్టే చప్పుడు మొదలయ్యేసరికి మేం కంప్యూటర్లు ఆన్ చేసేవాళ్ళం. కరెంటు పోతే యూపీఎస్‌లన్నీ ఒకేసారి కూసేవి. అందరం గబగబా సేవ్ కొట్టుకునేవాళ్ళం.

మేం పనిచేస్తున్నది ఒక వీడియో గేముకి. ఎక్కడో విదేశంలో ఒక కంపెనీ తయారుచేస్తోంది. కొండలంతేసి జంతువులు ఊళ్ళ మీద పడి ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. ఆడేవాళ్ళు తమకి నచ్చిన జంతువును ఎంచుకుని ఎదుటిదాని మీదికి వెళ్ళాలి. ఆ కొట్లాటలో కాళ్ళ కింద పడి నలిగే ఊళ్ళు ఎవరో ఒకరు కట్టాలి కదా. ఆ పని హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీకి వచ్చింది. వాళ్ళు అందులోంచి కొంత తుంచి మా సారుకి ఇచ్చారు. ఆట మొత్తం ఎలా ఉంటుందో మాలో ఎవరమూ చూడలేదు. గోడ మీద ఒక పోస్టరు మాత్రం ఉండేది. నల్లటి సముద్రంలోంచి ముళ్ళతో నిండిన వీపు ఒకటి పైకి లేస్తూ ఉంటుంది. కింద త్వరలో వస్తోందని ఇంగ్లీషులో రాసి ఉంటుంది.

ఆ జంతువుల అసలు పేర్లు మా నోళ్ళకి తిరిగేవి కావు. గోదావరి జిల్లా వాళ్ళం కనక దేనికైనా గారు తగిలించందే మాకు తోచదు. సముద్రంలోంచి లేచేది పీత ఆకారంలో ఉంటుందని దానికి పీతగారని పేరు పెట్టాం. రెక్కలున్నదాన్ని గద్దగారనేవాళ్ళం. "పీతగారు ఈ వీధిలోంచి వస్తారంట, ఈ మేడ అడ్డం తియ్యండి" అని సారు కూడా అనేవారు.

మా నాన్నగారికి ఏలేరు ఆయకట్టు కింద కాస్త వరి ఉండేది. నా ఉద్యోగమేంటో ఆయనకి చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను.

"అయితే మీరు ఊళ్ళు కడతారు."

"అవును నాన్నగారూ."

"కట్టాక అవొచ్చి కూలగొడతాయి."

"అంతే."

"మన ఏలేరు వరదొచ్చి ఏటేటా చేసేదే గదమ్మా. దాన్ని డబ్బిచ్చి ఆడుకుంటారా?" అన్నారు.

అమ్మకి మాత్రం ఒక్క సంగతి నచ్చింది. ఆట పూర్తిగా గెలిచినవాళ్ళకి చివర్న తెర మీద పనిచేసిన అందరి పేర్లూ వస్తాయని సారు మాకు చెప్పారు. మా పేర్లు ఇంగ్లీషులో ఎలా రాయాలో కూడా అడిగి తీసుకున్నారు. అది చెప్తే అమ్మ, "ఇంటిపేరుతో సహా వేస్తారా?" అని అడిగింది. వేస్తారన్నాను. ఆ మాట పట్టుకుని మా వీధిలో చాలామందికి చెప్పింది. నాకూ ఆ ఆశ ఉండేది. ఎక్కడో ఎవరో ఆడుకున్న ఆట చివర మా ఇంటిపేరు కిందనించి పైకి వెళ్ళడాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

నా పక్క సీట్లో ఉప్పాడ అబ్బాయి ఉండేవాడు. నా వయసే. చేపలు పట్టేవాళ్ళ కుటుంబం. వాళ్ళ నాన్న చిన్నప్పుడే జబ్బు చేసి పోతే, తల్లి ఎండుచేపలు అమ్మి చదివించింది. పడవ ఎక్కనివ్వలేదు. "పడవెక్కితే కాళ్ళిరగ్గొడతాననేదండీ. మా ఊళ్ళో నాకొక్కడికే ఈత సరిగ్గా రాదు" అని నవ్వేవాడు. చాలా నెమ్మదైన మనిషి. మేమిద్దరం ఒకరినొకరం మీరనే పిలుచుకునేవాళ్ళం. మధ్యాహ్నం అతని బాక్సులో ఎండు రొయ్యల కూర ఉంటే గదంతా తెలిసేది. మూత తీయగానే ముందు నాకు వడ్డించి తర్వాత తను తినేవాడు.

చేరిన కొన్ని నెలలకి మాకు సముద్రం ఒడ్డున ఉండే ఒక జాలర్ల ఊరు వచ్చింది. పీతగారు నీళ్ళలోంచి లేచి మొట్టమొదట కాలు పెట్టే ఊరు అది. ఇళ్ళు బాగానే కట్టాం. బీటలు వారినవీ కూలినవీ పంపితే మాత్రం వెనక్కొచ్చాయి. ఇల్లు కూలినట్టు లేదు, చాకుతో కేకు కోసినట్టుందని ఆట చేసే కంపెనీవాళ్ళు రాశారు. మళ్ళీ చేశాం. మళ్ళీ తిరిగొచ్చాయి. సారు మా వెనక నిలబడి, "అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీరెవరూ కూలిన ఇల్లు చూళ్ళేదా?" అని విసుక్కున్నారు.

ఉప్పాడ అబ్బాయి, "మా ఊళ్ళో ఉన్నాయండి" అన్నాడు.

ఆ ఆదివారం సారు తన డిజిటల్ కెమెరా నాకిచ్చి, ఉప్పుగాలికి జాగ్రత్త అని చెప్పి పంపారు. పిఠాపురంలో బస్సెక్కి కొత్తపల్లి మీదుగా ఉప్పాడలో దిగాను. అతను స్టాపులో నిలబడి ఉన్నాడు. మగ్గాల చప్పుడు వినిపించే వీధులు దాటి సముద్రం వైపు నడిచాం.

అంతకుముందు ఎప్పుడో పండక్కి వచ్చి సముద్రం చూసి వెళ్ళినదాన్నే కానీ, ఆ వైపు నేను చూడలేదు. ఒక వరస ఇళ్ళు సగానికి సగం లేవు. వీధి వైపు తలుపుకి పసుపు రాసి ఉంది. తలుపు దాటితే వంటగది ఉండాల్సిన చోట సముద్రం. ఒక గోడకి పాత క్యాలెండరు ఇంకా వేలాడుతోంది. కింద ఇసుకంతా కొట్టుకుపోగా ఒక నూతి ఒర ఒక్కటే గొట్టంలాగా పైకి నిలబడి ఉంది. అది నుయ్యని అతను చెప్పేదాకా నాకు తెలియలేదు. కిందనించి ఇసుక జారిపోతుంటే ఇల్లు సముద్రం వైపుకి ఒరుగుతుంది. గచ్చు కాసేపు గాల్లో నిలబడుతుంది. ఆ తర్వాత విరుగుతుంది. అన్ని దశల్లో ఉన్న ఇళ్ళూ అక్కడ ఉన్నాయి. మాకు కావలసింది అదే. నేను ఫోటోలు తీస్తూ పోయాను. గోడల అంచులు, ఉప్పు తిన్న సున్నం, విరిగిన తాటి దూలాలు. కాలికింద అల నురగ వచ్చి పోతోంది.

ఒక ముసలాయన మా దగ్గరికి వచ్చాడు. భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ, "ఏ ఆఫీసు నించండీ?" అని నన్నడిగాడు.

ఉప్పాడ అబ్బాయే జవాబు చెప్పాడు. "ఆఫీసు కాదు మావయ్యా. కంప్యూటర్లో ఆట తయారుచేత్తన్నాం. దానికోసం."

"ఆటా?"

"ఆటే."

ఆయన కాసేపు మా ఇద్దరి మొహాలూ చూశాడు. నమ్మలేదు. "సర్లే, ఏదో ఒకటి. ఇదిగో, ఈ మూల కూడా తియ్యమ్మా. మా పెద్దమ్మాయి పెళ్ళి ఈ పందిట్లోనే చేశాం. తీసి పైకి పంపండి" అని, సగం గోడ పక్కన చేతులు కిందికి వేలాడేసి నిటారుగా నిలబడ్డాడు. తీశాను. మా పనికి మనుషులు లేని ఫోటోలే కావాలి. అయినా తీశాను.

తర్వాత అతను నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. సముద్రానికి రెండు వరసల ఇవతల పెంకుటిల్లు. నీలం రంగు తలుపు, ఎర్ర గచ్చు అరుగు. వెనక నాలుగిళ్ళ వాళ్ళూ తోడుకునే నుయ్యి. వాళ్ళమ్మ సన్నగా పొడుగ్గా ఉంది. పీట వేసి కూర్చోబెట్టి చేపల పులుసుతో అన్నం పెట్టింది. వద్దన్నా మళ్ళీ వడ్డించింది.

"ఫోటోలు తీసుకెళ్ళినోళ్ళు చానామంది వచ్చారమ్మా. ఆటకోసమని వచ్చింది మీరే" అంది. కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది.

"మీకు భయం వెయ్యదాండీ, పిన్నిగారూ?" అని అడిగాను.

"దేనికి? ఇంకా రెండు వరసలున్నాయి గదా. మా దాకా రావడానికి టైముంది."

వస్తూ వస్తూ కెమెరాలో ఇంకొన్ని ఫోటోలకి చోటుందని చూసి, "మీ ఇల్లు కూడా తియ్యనా?" అన్నాను.

"మా ఇల్లు బానే ఉంది కదండీ. మనకి పనికిరాదు" అన్నాడతను. ఇద్దరం నవ్వుకున్నాం. నేను కెమెరా సంచీలో పెట్టేశాను.

ఆ ఫోటోలు చూసుకుంటూ పదిహేను రోజులు కష్టపడి అందరం ఊరు మళ్ళీ కూలగొట్టాం. ఈసారి జవాబు బాగానే వచ్చింది. గోడల మీద ఉప్పు మరకలూ పగుళ్ళూ అద్భుతంగా ఉన్నాయన్నారు. కాకపోతే ఇళ్ళు పడటం తప్పుగా ఉందట. ఎవరో కిందనించి లాగేసినట్టు పడుతున్నాయట. మా జంతువు పైనించి కొడుతుంది కదా, ఆ ప్రకారం పడాలన్నారు. సరే, పగుళ్ళు అలాగే ఉంచి, ఇళ్ళు పైనించి నలిగేటట్టు మార్చాం. ఉప్పాడ అబ్బాయి ఆ ఉత్తరం తెర మీద రెండుసార్లు చదివాడు. "వాళ్ళ లెక్కలో ఇది తప్పేనండి" అని పని మొదలెట్టాడు.

ఆటలోని ఊరికి ఇంకా కొన్ని ఇళ్ళు కావాల్సొచ్చాయి. అతను తన వాటాకి వచ్చిన ఇంటికి నీలం తలుపు పెట్టాడు. ఎర్ర అరుగు పెట్టాడు. చూరు ఒకవైపు కాస్త దిగి ఉండేది వాళ్ళింటికి. అదీ పెట్టాడు. నేను గుర్తుపట్టాను. నిలబడి ఉన్న ఇల్లు అయ్యాక బీటలు వారినదీ కూలినదీ చెయ్యాలి. అతను కుర్చీ నా వైపు తిప్పి, "ఇది మీరు చేస్తారాండీ? మీ వాటా ఇల్లు నేను చేస్తాను" అన్నాడు.

సరేనన్నాను. అతని నీలం తలుపును నేను రెండు ముక్కలు చేశాను. అరుగు మధ్యలోకి చీల్చాను. పెంకులు ఒక్కొక్కటే రాల్చాను. ఆ పూటంతా అతను నా తెర వైపు చూడలేదు.

ఆ ఏడు వాయుగుండం పట్టింది. పిఠాపురంలో మా చేలు మునిగాయి. నాన్నగారు గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డం తప్ప చెయ్యగలిగింది లేకపోయింది. ఉప్పాడ రోడ్డు తెగిందని బస్సులు ఆపేశారు. ఉప్పాడ అబ్బాయి ఆఫీసుకి రాలేదు. ఫోను పలకలేదు. వారం దాటాక ఒకరోజు ఉదయం వచ్చి సీట్లో కూర్చున్నాడు. షర్టు ఎవరిదో, భుజాల దగ్గర వదులుగా ఉంది.

"ఇల్లు?" అన్నాను.

"పోయిందండి."

సముద్రం ఒక్కొక్క వరసే వస్తుందని వాళ్ళమ్మ అనుకుంది. అది రెండు వరసలూ వీళ్ళ వరసా కలిపి తీసుకుపోయింది. గిన్నెలూ బట్టలూ ముందే బయటపెట్టుకున్నారు. తలుపు మాత్రం బందులు ఊడదీసి తెచ్చుకోగలిగారు. ఊళ్ళో వాళ్ళందరితోపాటు బళ్ళో పడుకుంటున్నారు. ఇవన్నీ అతను కంప్యూటర్ ఆన్ అయ్యేలోపల చెప్పాడు. ఆన్ అయ్యాక పని చేసుకున్నాడు.

ఇంకో నెలకి వాళ్ళమ్మ మా ఆఫీసుకి వచ్చింది. చెప్పులు కింద మెట్ల దగ్గరే విప్పేసి, ఏసీ గదిలోకి వచ్చి ఒక మూల నిలబడింది. ఇల్లు పోయినవాళ్ళకి వేరేచోట స్థలమిస్తారని అర్జీలు తీసుకుంటున్నారు. వాళ్ళ ఇంటికి పట్టా లేదు. కనీసం ఇల్లున్నట్టు ఫోటో ఉంటే తెమ్మన్నారట.

"ఆ రోజు అమ్మాయి అన్ని ఫోటోలు తీసింది గదా. అందులో మన ఇల్లు ఒకటి ఇప్పించరా" అంది కొడుకుతో.

అతను నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. ఆ రోజు తీసిన ఫోటోలన్నీ మా దగ్గర ఉన్నాయి. ఆ వరసలో కూలిన ప్రతి గోడా ఉంది. ఆ ముసలాయన ఉన్నాడు. వీళ్ళ ఇల్లు లేదు. అప్పటికది పగల్లేదు మరి.

"తియ్యలేదమ్మా" అన్నాడు.

"ఒక్కటీ?"

"ఒక్కటీ తియ్యలేదు. బాగుంది గదా అని."

అతను ఒక కుర్చీ లాగి ఆవిడని కూర్చోబెట్టాడు. కంప్యూటర్లో ఇల్లు తెరిచాడు. నిలబడి ఉన్న ఇల్లు.

ఆవిడ చూసింది. చెయ్యి తెర దాకా తీసుకెళ్ళి ఆపేసింది. "మన తలుపు" అంది. "చూరు కూడా అలాగే ఉందిరా. ఎప్పుడు తీశావ్?"

"తియ్యలేదమ్మా, గీశాను."

"ఇటు తిప్పు." తిప్పాడు. "ఇంకా తిప్పు. నుయ్యి చూపించు."

అతని చెయ్యి ఆగిపోయింది. ఆటలో పీతగారు వచ్చేది వీధి వైపు నించి. వెనక వైపు ఎవరికీ కనపడదు. కనపడనివి కట్టకూడదని మాకు నియమం. వీధి గోడా పక్క గోడలూ పైకప్పూ, అంతే. వెనక గోడే లేదు. ఆవిడ మళ్ళీ తిప్పమంటే తిప్పాడు. ఇంటి లోపలంతా బోలుగా, బూడిదరంగులో కనిపించింది. నుయ్యి లేదు. నాలుగిళ్ళ వాళ్ళు లేరు.

"వెనక చెయ్యలేదమ్మా" అన్నాడు.

"సర్లే. ముందుది చాలు. అది అచ్చు వేసివ్వు."

ఆఫీసులోది ఏదీ బయటికి పోకూడదని మేమందరం సంతకాలు పెట్టి ఉన్నాం. అతను సారు గదిలోకి వెళ్ళి అడిగాడు. సారు తల పట్టుకుని కూర్చున్నారు. "అది మనది కాదయ్యా, వాళ్ళది" అన్నారు. తర్వాత లేచి, టీకి వెళ్తున్నానని చెప్పి, ప్రింటరు ఉన్న తన గది తలుపు తెరిచే ఉంచి మెట్లు దిగిపోయారు.

అతనికి ఆ సాయంత్రానికి పంపాల్సిన పని ఉంది. అచ్చు వేసిన కాగితం పట్టుకుని ఆవిడతో నేను వెళ్ళాను. అర్జీలు తీసుకునే చోట చాలాసేపు వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చాక గుమాస్తా ఆ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది బొమ్మ కదమ్మా."

"మా ఇల్లేనండి బాబూ. మా అబ్బాయి వేశాడు."

"ఇల్లు మీదే అవ్వచ్చమ్మా, నేను కాదన్ను. కంప్యూటర్లో ఇలాంటివి ఎవరికి కావాలంటే వాళ్ళు గీసుకోవచ్చు. నేను పైకి పంపినా వాళ్ళు ఒప్పుకోరు. ఫోటో ఏదైనా తెండి." ఆయన చెడ్డవాడు కాదు. ఆవిడ మొహం చూసి, పక్కనున్న బిందెలోంచి గ్లాసుతో మంచినీళ్ళు తెప్పించాడు.

రోడ్డు మీదికి వచ్చాక ఆవిడ నన్నడిగింది. "ఇది అబద్ధం కాదు గదమ్మా?"

"కాదండి, పిన్నిగారూ."

"నిజవూ కాదంటాడు."

ఉప్పాడ బస్సు దాకా తోడు వెళ్ళాను. ఆ కాగితాన్ని ఆవిడ మడత పెట్టలేదు. నలక్కుండా చుట్టి చేత్తో పట్టుకుని కూర్చుంది. వాళ్ళకి స్థలం రాలేదు. బళ్ళో పిల్లలకి పాఠాలు మొదలెట్టాలని ఖాళీ చేయించాక, ఊళ్ళోనే ఒక చుట్టాల వాకిట్లో రేకులు వేసుకుని ఉన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి సారు మమ్మల్నందరినీ తన గదిలోకి పిలిచారు. ఆట గురించి ప్రచారానికి ఒక చిన్న వీడియో తయారైందనీ, మన ఊరు అందులో ఉందనీ చెప్పారు. అందరం ఒకరి భుజాల మీంచి ఒకరం చూశాం. సముద్రం పొంగుతుంది. ముళ్ళ వీపు లేస్తుంది. పీతగారి పెద్ద డెక్క ఒకటి వచ్చి వీధి మీద పడుతుంది. మేం ఎన్నో నెలలు కట్టిన ఇళ్ళు కళ్ళు ఆర్పేలోపల దుమ్మైపోయాయి. దుమ్ములోంచి ఆట పేరు వస్తుంది. అంతే. అందరం చప్పట్లు కొట్టాం. సారు మళ్ళీ పెట్టారు. మళ్ళీ కొట్టాం. మూడోసారి పెట్టినప్పుడు ఉప్పాడ అబ్బాయి ముందుకి వంగి ఒక మూలకి చూస్తున్నాడు.

బయటికి వచ్చాక, "మా ఇల్లు రాలేదండి. కొంచెం ఇటు తిప్పుంటే వచ్చేది" అన్నాడు.

"ఆటలో ఉంటుంది కదండీ" అన్నాను.

"ఆయ్, ఆటలో ఉంటుంది."

ఆట మొదట వేసవికన్నారు. తర్వాత చలికాలానికన్నారు. తర్వాత ఎప్పుడన్నది చెప్పడం మానేశారు. మాకు పని తగ్గింది. చేసినవే మళ్ళీ చేశాం. హైదరాబాదు వాళ్ళు ఫోను ఎత్తడం తగ్గించారు. ఒకరోజు పొద్దుటి పూటే సారు మా గదిలోకి వచ్చి, మా కుర్చీల మధ్య నిలబడి, ఆ కంపెనీని ఇంకెవరో కొనుక్కున్నారని చెప్పారు. కొన్నవాళ్ళు ఈ ఆట వద్దనుకున్నారట. అన్నీ ఆపెయ్యమన్నారట. మా దగ్గరున్న ఊళ్ళన్నీ చెరిపేసి, చెరిపేశామని రాసివ్వమన్నారట.

"అంటే మన పేర్లు వెయ్యరాండీ ఇంక?" అని ఎవరో అడిగారు.

"వెయ్యరమ్మా."

చెరపడానికి పెద్దగా సమయం పట్టలేదు. ఎవరి సీట్లో వాళ్ళం కూర్చుని ఎవరి ఇళ్ళు వాళ్ళం చెరిపాం. ఉప్పాడ అబ్బాయి తన ఇల్లు చెరిపేటప్పుడు నేను, ఒకటి దాచుకోండి, ఎవరికి తెలుస్తుంది అన్నాను. "వెనక గోడ లేని ఇల్లు దాచుకుని ఏం చేస్తానండీ" అన్నాడు. పూర్తయిన ఇల్లూ, నేను పగలగొట్టిన రెండూ కలిపి ఒకేసారి చెరిపేశాడు. సారు పక్కకి తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆయన మంచి మనిషి. మరో రెండు నెలలు పని కోసం తిరిగారు. దొరకలేదు. ఆ గదుల్లోకి టైర్ల షాపువాడు తన సరుకు చేర్చుకున్నాడు.

నేను హైదరాబాదులో రెండు మూడు చోట్ల ఇంటర్వ్యూలకి వెళ్ళాను. ఒకచోట ఒకాయన ఓపిగ్గానే అడిగాడు.

"ఇంతకాలం ఏం చేశారు?"

"ఒక గేముకి ఇళ్ళు కట్టానండి."

"ఏ గేము?"

చెప్పాను. ఆయన ఎప్పుడూ వినలేదు. "వచ్చిందా?"

"లేదండి. ఆపేశారు."

"మీరు చేసినవి కొన్ని చూపించండి, చూద్దాం."

"చూపించడానికి లేదండి. చెరిపేశాం."

ఆయన పెన్ను మూత పెట్టుకున్నాడు. తర్వాత కబురు చేస్తామన్నాడు. అక్కడి నించి వచ్చి నేను మళ్ళీ ఆ ప్రయత్నం చెయ్యలేదు. పిఠాపురంలోనే ఒక ఫోటో స్టూడియోలో పెళ్ళి ఆల్బములు చేసే పనిలో చేరాను. పెళ్ళికూతురి వెనక ఉన్న కుర్చీలు తీసేసి జలపాతాలు పెట్టడం. అమ్మ మొదట్లో, "పేర్లు వేస్తామన్నారు గదే" అని రెండుసార్లు అంది. వీధిలోవాళ్ళు అడిగితే ఇంకా అవుతోందని చెప్పేది. తర్వాత వాళ్ళూ అడగడం మానేశారు.

కొన్నేళ్ళ తర్వాత కాకినాడలో బస్టాండులో ఉప్పాడ అబ్బాయి కనపడ్డాడు. ముందు నేను గుర్తుపట్టలేదు. బాగా నల్లబడ్డాడు. కొన్నాళ్ళు పడవ మీద వెళ్ళాడట. ఒంటికి పడలేదు. ఎక్కిన ప్రతిసారీ వాంతులు. చిన్నప్పటి నించీ వెళ్ళినవాళ్ళ పక్కన పనికిరాలేదు. ఇప్పుడు రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో చేస్తున్నాడు. వేళ్ళ చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి. వాటిని జేబులో పెట్టుకుని మాట్లాడాడు.

"అమ్మగారు బాగున్నారాండీ?"

"మా అక్క దగ్గరుంటందండి, నరసాపురంలో. ఇక్కడుంటే రోజూ ఒడ్డుకెళ్ళి కూర్చుంటంది. ఎంత చెప్పినా వినదు. మన ఇల్లు ఇక్కడ, మన నుయ్యి అక్కడ అని నీళ్ళలోకి చూపిస్తంది వచ్చినోళ్ళకి. చూళ్ళేక పంపేశాం. అక్కడా అదే మాటంట."

కంప్యూటరు పని మళ్ళీ చూసుకోలేకపోయారా అని అడిగాను. ఒకటి రెండు చోట్ల అడిగాడట. ఇప్పుడు అన్నీ కొత్తవి వచ్చేశాయి, మనం నేర్చుకున్నవి ఎవరూ వాడటం లేదన్నాడు. నాకూ ఆ సంగతి తెలుసు. ఏదైనా మంచి మాట చెప్పాలని చాలా వెతుక్కున్నాను. మీరు గీసిన చూరు నాకింకా గుర్తుందని చెబుదామనుకున్నాను. దానివల్ల అతనికి ఒరిగేదేముంది అనిపించి ఊరుకున్నాను.

ఉప్పాడ బస్సు వచ్చింది. "వస్తానండి" అని ఎక్కాడు. లోపల సీట్లు చాలా ఖాళీగానే ఉన్నాయి. అయినా అతను కూర్చోలేదు. పై కమ్మీ పట్టుకుని నిలబడే వెళ్ళాడు.